టీచరమ్మ గొడుగు తగిలించిన స్టాండు

మన సండేస్కూలు టీచరమ్మ గారు ఇక లేరు. ఇక్కడి లింగియాడీహ్ బస్తీలోని తన ఇంట్లో, పొద్దున్నే టీ కాచుకుని, అది గ్లాసులో పోసుకోకుండానే వెళ్లిపోయారు. ఆమె దగ్గర పాటలు నేర్చుకున్న పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్లందరికీ తెలియాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఏడుస్తూ రాయవలసింది, కోపంగా రాస్తున్నాను. ఆ కోపంలోనే పట్టలేనంత సంతోషం కూడా ఉంది. చదివితే మీకే తెలుస్తుంది.

నేను రైల్వే వ్యాగన్ షెడ్డులో పనిచేసి రిటైరైనవాణ్ని, చదువు పెద్దగా లేదు. మన పిల్లలంతా ఇక్కడ హిందీలో పెరుగుతారు కదా. నా కూతురికి తెలుగు అక్షరాలు వచ్చాయంటే ఆ తల్లి చలవే. బడి అయ్యాక తన వరండాలో కూర్చోబెట్టి, ఉడికించిన శనగలు ముందు పెట్టి చదివించేవారు. తప్పు చదివితే కొట్టేవారు కాదు. పిల్లల శనగలు తన నోట్లో వేసుకునేవారు.

మన చర్చికి ఆమె ఏం చేయలేదు? ఎవరికి కాన్పు కష్టమైనా ఆసుపత్రిలో మంచం పక్కన ఆమె. ఆడమనిషి చనిపోతే స్నానం చేయించేది ఆమె. ప్రభువు బల్లకు తెల్లగుడ్డ ఉతికి పరిచేది ఆమె. ఆ గుడ్డ పరవడానికి ఆడది వేదిక ఎక్కవచ్చు. వేదిక తుడవడానికీ ఎక్కవచ్చు. వాక్యం చెప్పడానికి మాత్రం ఎక్కకూడదు.

ఏడాదికోసారి స్త్రీల ఆదివారం వస్తుంది. ఆ రోజు పెద్దలు వేదిక మెట్టు కింద, నేల మీద, ఆడవాళ్ల కోసమని ఒక పొట్టి చెక్క స్టాండు పెట్టించేవారు. మైకు వైరు లాగి అక్కడికి దించేవారు. పైన వాక్యం చెప్పే పుల్పిట్ ఖాళీ, దాని మీద ఒక పూలగుత్తి. మొదటిసారి అది చూసిన టీచరమ్మ గారు చేతిలోని నల్లగొడుగు ఆ స్టాండుకు తగిలించి, తను పక్కన నిలబడి మాట్లాడారు. ఇక ప్రతి ఏడూ అంతే. వాన లేకపోయినా ఆ రోజు గొడుగు తెచ్చేవారు. ఎందుకమ్మా అని ఒకసారి అడిగాను.

“నాకేటి తమ్ముడూ, నేల మీద నిలబడతాను. అది గొడుక్కి సరిపోద్ది” అన్నారు.

పెద్దలకు చురుక్కుమనేది. స్టాండు మాత్రం తీయలేదు.

ఒంట్లో ఓపిక తగ్గాక ఆమె నన్నూ, పాస్టరు అయ్యగారినీ పిలిచి ఒకే కోరిక చెప్పారు. “నా భూస్థాపన దినాన తమ్ముడి కూతురే వాక్యం సెప్పాల. కిందనుంచి కాదు.” పెద్దలు ఒప్పుకోవాలి కదమ్మా అని నసిగారు అయ్యగారు.

ఆమె పోయిన రోజునే నా కూతురు సంఘ పెద్దను అడిగింది. “అచ్ఛా బేటీ, మాట్లాడు, ఎవరొద్దన్నారు? కింద స్టాండుంది కదా” అన్నాడాయన. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ ఉతికిన గుడ్డ పైన పనికొచ్చింది, ఆవిడ మాట పనికిరాదా అన్నాను. సంఘం కట్టుబాటన్నాడు. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారని అడిగాను. “ఒగ్గీ నాన్నా. కిందనుంచైతే నేను నోరే విప్పను” అంది నా కూతురు. ఆ తల్లి చివరి కోరిక అలా ఆగిపోయిందనే అనుకున్నాను.

శవపెట్టె చర్చికి తెచ్చాం. మన చర్చి ఎంత ఇరుకో మీకు తెలుసు. పెట్టె దించవలసింది వేదిక మెట్టు కిందే. చూస్తే అక్కడ స్టాండు.

“ముందా స్టాండు తియ్యండ్రా, భుజం పోతంది” అన్నది ఎవరనుకున్నారు? సంఘ పెద్దే. పెట్టె ముందు వైపు మోస్తున్నది ఆయనే. ఎవరో దాన్ని చర్చి వరండాలోకి పట్టుకుపోయారు.

పాట అయింది. టీచరమ్మ గారి కోరిక గుర్తుందేమో, అయ్యగారు నా కూతురిని పిలిచారు. లేచి వచ్చింది. కింద నిలబడే చోటు లేదు, ఉన్న చోటంతా టీచరమ్మ గారిదే. సంఘ పెద్ద మైకు వైరు చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు. నా బిడ్డ పెట్టె మీద ఒకసారి చెయ్యి ఆనించి, మెట్టెక్కి, పుల్పిట్ దగ్గర నిలబడింది.

“తప్పు చదివితే మా శనగలు తినేసేవారు టీచరమ్మ. ఇవాళ తప్పు చదవను” అంది.

ఏడుస్తున్న ఆడవాళ్లు నవ్వారు. తర్వాత ఏం చెప్పిందో నాకు సగం వినబడలేదు. వ్యాగన్ షెడ్డు వాడి కూతురు, ఆ పైన, తెలుగులో వాక్యం చెబుతోంది. ఇంతకంటే నాకేం కావాలయ్యా.

అయినా కోపం చల్లారలేదు. బతికినన్నాళ్లూ ఆమెకు ఇవ్వని ఆ మెట్టును, ఆమె పెట్టెలో వచ్చి పడుకుంటే గాని వదల్లేదు మనం. అంతా దేవుడి చిత్తమని అప్పుడే కొందరు అంటున్నారు. దేవుడి మీద పెట్టకండి. అడ్డం పడింది మనం.

ఇప్పుడు వానలు. స్టాండు ఇంకా వరండాలోనే ఉంది. లోపల పెట్టించాలని పెద్దలు ఒకసారి అన్నారు గానీ ఎవరూ కదల్లేదు. మొన్న ఆదివారం వెళ్లేసరికి దాని చుట్టూ గొడుగులు వేలాడుతున్నాయి, ఆడవాళ్లవీ మగవాళ్లవీ, నీళ్లు కారుతూ. సంఘ పెద్ద తడిసిన గొడుగు పట్టుకుని దాని ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత, చోటు చూసుకుని తగిలించాడు.