తొట్టిలో చేపలు

వైశాఖం, బుధవారం, పొద్దెక్కాక. గూడెం పటేల్ ఇంటి ముందు పంచాయితీ. హాజరైనవారు: పటేల్, చేపలు పట్టే జోగయ్య, అతని భార్య ముత్తమ్మ, గూడెం జనం, ఫ్యాక్టరీ తరఫున నేను.

ఆనాటి డైరీలో ఇంతే ఉంది. ఏ పూట ఏ కూర తిన్నానో కూడా రాసుకునే మనిషిని, ఆ రోజు ఏం జరిగిందో ఎందుకు రాయలేదు? ఎందుకో నాకు తెలుసు. ఇన్నేళ్లూ ఆ బరువు మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక ఇనుప రేకుల ఫ్యాక్టరీలో మురుగునీటి శుద్ధి నా బాధ్యత. రేకులను యాసిడ్‌తో కడిగిన నీళ్లను ఒక చెరువులోకి పట్టి, సున్నం కలిపి, ఘాటు విరిగాకే వాగులోకి వదలాలి. ఆ నీళ్లు మంచివని చూపడానికి గేటు పక్కన ఒక తొట్టిలో వాటినే పట్టి చేపలు పెంచేవాళ్లం. చూసినవాళ్లు నమ్మేవారు. చేపలు తరచూ చచ్చిపోతుంటే ఆ నీళ్లు మాన్పించి, తొట్టికి గుట్టుగా బోరు నీళ్ల పైపు పెట్టించింది నేనే. వాటిని గోదావరి నుంచి ప్రాణంతో తెచ్చి ఇచ్చేది జోగయ్య. పైపు సంగతి అతనికి తెలియదు.

ఆ ఎండాకాలం సున్నం కలిపే యంత్రం చెడిపోయింది. పని ఆపమని పైవాళ్లకు చెప్పాల్సింది. చెప్పలేదు. చెరువు నిండి కట్ట తెగేలా ఉంటే, వాగు వైపు తూము ఎత్తేశాను. మర్నాటికి వాగు మడుగుల్లో చేపలు తెల్లగా తేలాయి. ఆ నీళ్లు తాగిన మేకలు చచ్చాయి.

పంచాయితీలో పటేల్ సూటిగా అడిగాడు. “సారూ, మీ నీళ్లేనా ఏంది? నిజం జెప్పు.”

“మా తొట్టిలో చేపలు ఆడుతున్నాయి కదా పటేలా. మీరే చూశారు.”

“అవ్, జూసినం. గట్లయితే గిది ఎవని పని?”

అక్కడైనా ఆగవలసింది. “మంగకాయ దంచి కలిపినా చేపలు ఇట్లాగే తేలతాయట,” అన్నాను. ఆ కాయ మత్తుతో చేపలు పట్టడం అక్కడ పాత అలవాటే. కానీ తాగే నీళ్లకు ఎగువన వేయడం పెద్ద తప్పు. అందరి చూపులూ జోగయ్య మీదకు మళ్లాయి.

“సార్‌కు చేపలమ్ముడు మరిగినవ్. వాగంత ఒక్కసారే ఊడ్వాలనుకున్నవా బావా?” అన్నారెవరో వెనక నుంచి. నవ్వులు.

“నేనెయ్యలే. నేనసుంటోణ్ణి కాదని సార్‌కు ఎరికే,” అన్నాడు జోగయ్య. “జెప్పు సారూ.”

నేను చెప్పలేదు. భయమా? ఉద్యోగమా? అతను పోగొట్టుకునేదేముందిలే అన్న చులకనా? ఎన్నిసార్లు వెతుక్కున్నా చివరికి ఆ చులకనే చేతికి తగులుతుంది.

పటేల్ తీర్పు చెప్పాడు. విత్తే ముందు చేసే భూమి పండుగనాడు ఊరందరి విత్తనాలతో జోగయ్య ఇంటి విత్తనాలు కలపకూడదు. అంటే వెలివేసినట్టే. ముత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

జోగయ్య ఇప్పుడు లేడు. మొన్న కారేపల్లి సంతలో అతని కొడుకును ఎవరో “ఓ మంగకాయోని కొడుకా!” అని పిలిచారు. అదే తన పేరైనట్టు అతను మామూలుగా తిరిగి చూశాడు. దగ్గరకు వెళ్లి నిజం చెప్పాల్సింది. సంత జనంలో కలిసి వెళ్లిపోయాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

పంచాయితీ మర్నాడు పొద్దున ఫ్యాక్టరీకి తనిఖీవాళ్లు రావాల్సి ఉంది. గేటు దగ్గర జోగయ్య నిలబడి ఉన్నాడు. బిందెలో బతికున్న చేపలు, పైన ఆకులు. పంచాయితీ నుంచి నేరుగా గోదావరికే పోయాడట.

“తనిఖీనాటికి చేపలు తెస్తనని మాటిచ్చిన కద సారూ,” అన్నాడు.

చేపలను నా చేతులతోనే తొట్టిలోకి వదిలాను. అవి ఈదాయి. అతను ఒంగి చాలాసేపు చూశాడు.

“మీ నీళ్లు మంచిగనే ఉన్నయ్. మరి వాగుకేమైంది సారూ?”

ఆ రోజు ఖాళీ బిందె అతని చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. వాగును చంపింది నేనే, జోగయ్యా.