గోలెం అంచున నురుగు

ఈ రోజు పొద్దున మా తోడికోడలు మంజులను అన్యాయంగా తిట్టాను. బిజినేపల్లిలో మా బాత్రూం పక్కనున్న నీళ్ల గోలెం లోపల, నీళ్లకు జానెడు పైన, తెల్లటి నురుగు ముద్ద ఒకటి అతుక్కుని ఉంది. శుక్రవారం కదా, గోలెం ఖాళీ చేసి కడిగే రోజు. చీపురు పట్టుకుని వెళ్లిన నాకు అది చూడగానే ఒళ్లు మండింది.

"బట్టలుతికి సబ్బు నురుగు గిట్లనే ఇడ్సిపెడ్తవా?" అన్నాను.

"నేను ఇయ్యాల సబ్బే ముట్టలేదక్కా. జర పైకి చూడు," అంది మంజుల.

చూరు కింద, గోడ రంగులో కలిసిపోయి ఒక చెట్టు కప్ప కూర్చుని ఉంది. సన్నటి నడుము, వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు. ఇద్దరం ఫోన్‌లో వెతికాం. మామూలు కప్పలు గుడ్లను నీళ్లలోనే వదిలేస్తాయి. ఇది మాత్రం కాళ్లతో నురుగు చిలికి, గుడ్లను అందులో దాచి, నీళ్లకు పైన అంటిస్తుంది. పిల్లలు తయారయ్యాక జారి నీళ్లలో పడతాయి. పడమటి కనుమల్లో దీని చుట్టాలైతే నురుగు చుట్టూ ఆకులు కూడా మడుస్తాయట. మా దానికి ఆకులు దొరకలేదేమో, గోలెంతోనే సరిపెట్టుకుంది.

ఇంతలో మా ఆయన తువ్వాల భుజాన వేసుకుని స్నానానికి వచ్చారు. అత్తమ్మ అడ్డం నిలబడింది.

"నువ్వు బోరింగు కాడికి పో కొడుకా. ఈడ బాలింత ఉన్నది."

నా కాన్పులప్పుడు ఈ ఇంట్లో ఇంత మర్యాద జరిగిన గుర్తు లేదు. మీకు జరిగిందా?