ఆ డబ్బా కూసింది

మా ఇంట్లో నన్ను దేవత అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. ఏళ్లుగా ఈ మంటను కడుపులో మోస్తున్నాను. ఎవరి మీద కోపం? అత్తమ్మ మీద అనుకున్నాను కొన్నాళ్లు. వాడకట్టు వాళ్ల మీద అనుకున్నాను. అబద్ధం. నా మీదే. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది లాల్‌దర్వాజాలో పాల వ్యాపారం. బర్రెలను వదిలి ఒక్క పూట ఎటూ పోయినవాళ్లం కాదు. మా మరిది భార్య లావణ్యకు ఆడపిల్ల పుట్టిన ఏడాది, ఆ చలికాలంలో, అనంతగిరి కొండలకు పోదామని మరిది పట్టుబట్టాడు. బాలింతను, పసిదాన్ని పట్టుకుని ఎట్లా పోతామంది అత్తమ్మ. మంచం, వంట, స్నానం అన్నీ లోపలే ఉండే క్యారవాన్ బండి కిరాయికి మాట్లాడాడు. అత్తమ్మ మూటలు కట్టింది.

బండి తెచ్చిన ఓనరు చాలా నెమ్మదస్తుడు. అందరూ సామాను ఎక్కిస్తుంటే నాకొక్కదానికే అన్నీ చూపించాడు. గోడ మీది తెల్ల డబ్బా మీట నొక్కాడు. చెవులు చిల్లులు పడేలా కూసింది. లోపల బొగ్గు గానీ గ్యాసు గానీ మండితే వాసన లేని విషం పుడుతుందని, నిద్రలో ఉన్నవాళ్లకు అసలు తెలియదని, ఇది కూస్తే తలుపులు తీసి అందరూ బయటపడాలని చెప్పాడు. వంటకు కరెంటు పొయ్యి ఉంది, లోపల నిప్పు మాత్రం పెట్టొద్దన్నాడు. తలూపాను. అర్థమయ్యే తలూపాను.

కొండ మీద మధ్యాహ్నం పసిదానికి, మా బుజ్జికి, తలస్నానం చేయించాం. మగవాళ్లు బయట మటన్ వండుతున్నారు. స్నానమయ్యాక పిల్లకు సాంబ్రాణి పొగ పట్టాలి, మేం ఊదు అంటాం. అత్తమ్మ మట్టి గిన్నె, బొగ్గులు ఇంటి నుంచే తెచ్చుకుంది. బయట ఈదురుగాలి. లోపలే పట్టాం. నాకు ఓనరు మాట గుర్తు రాలేదా? వచ్చింది. కానీ ఊదు నిప్పెట్లా అవుతుంది? నిప్పంటే పొయ్యి. ఊదంటే పిల్లకు మంచి చేసేది, దిష్టి తీసేది. డిగ్రీ చదివిన నా తలకాయ చేసిన ఆలోచన ఇది!

డబ్బా కూసింది. బుజ్జి ఉలిక్కిపడి గుక్కపట్టింది. "ఏందే ఆ లొల్లి, బంద్ జెయ్ దాన్ని!" అని అత్తమ్మ అరిచింది. నేను మూత తీసి సెల్లులు పీకేశాను. హమ్మయ్య అనుకున్నాం.

బాలింతకు చలిగాలి తగలకూడదని కిటికీలన్నీ నేనే మూశాను. గిన్నెలో నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వెచ్చగా ఉంటుందని లావణ్య మంచం కిందికి తోశాను. నువ్వు పడుకో, పిల్లను నేను చూసుకుంటానన్నాను. ప్రేమతోనే అన్నాను, నమ్మండి. బుజ్జిని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని, కోతులను చూపించడానికి తలుపు దగ్గరగా వేసి పోయాను. అత్తమ్మ నా వెనకే వచ్చింది.

తిరిగొచ్చి పిలిస్తే లావణ్య పలకలేదు. ఆస్పత్రికి తీసుకుపోయాం. బతికింది.

ఓనరు ఆస్పత్రికి పరుగున వచ్చాడు. చేతిలో ఆ డబ్బా ఉంది.

"అక్కా, దీంట్ల సెల్లులు ఎవలు తీసిన్రు?"

"ఎవ్వలు ముట్టలే. ముందుగాల్నుంచే లేవేమో."

"గదేంది అక్కా, పొద్దుగాల మీ ముంగట్నే నొక్కి చూపెట్టిన గదా. కూసింది గదా."

"నాకేం చూపెట్టలే."

సెల్లులు నా పర్సులోనే ఉన్నాయి. మరిది లేచి అతని చెంప పగలగొట్టాడు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, నా మొహమే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆ బండి అమ్మేశాడని విన్నాను.

అత్తమ్మకు అంతా తెలుసు. ఇంటికొచ్చాక వాడకట్టంతా చెప్పింది: లావణ్యే మంచం కింద నిప్పులు పెట్టుకుని పడుకుందని, పెద్దకోడలు ఎత్తుకుపోబట్టే పిల్ల దక్కిందని. నన్ను దేవతను చేసింది అందుకే. నా నోరు కుట్టేసిన దారం ఆ పేరు. నేనూ కుట్టించుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

ఆ విషం మెదడుకెక్కి లావణ్యకు ఆ రోజు గుర్తు లేదు. పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండదు. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతుంది. అందుకని బుజ్జిని ఆమెకు వదలరు. పిల్ల నా దగ్గరే తింటుంది, నా పక్కలోనే పడుకుంటుంది. ఇంకో మాట కూడా కక్కేయాలి. నాకు పిల్లలు లేరు. బుజ్జిని మొదటిసారి నా పక్కలో పడుకోబెట్టినప్పుడు నాకు సంతోషం వేసింది. ఇట్లాంటిదాన్ని ఏమనాలి? మీరే చెప్పండి. వద్దు, చెప్పకండి.

మరిది ఎప్పుడూ ఆ డబ్బాను తిడుతుంటే వినీ వినీ, లావణ్య ఉండుండి అడుగుతుంది, అది ఎందుకు కూయలేదని. పాడైన డబ్బా అని చెప్పి నోరు మూయించేదాన్ని. మొన్న బుజ్జి, బడి బట్టలేసుకుంటూ, తల్లి మొహం మీదే అంది: "నువ్వే నిప్పులు పెట్టుకున్నవంట గదా." లావణ్య తప్పు చేసినదానిలా తల వంచుకుంది. ఆ తల వంచింది నేను.

ఈ రోజు పొద్దున బర్రెల దగ్గర ఆమెను పట్టుకుని చెప్పేశాను. "కూసింది లావణ్యా. నేనే సెల్లులు పీకిన. నిప్పులు పెట్టింది గూడ నేనే." ఆమె పాల బకెట్టు కింద పెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. "నా బిడ్డను నాకియ్యి," అంది. అంతే.

సాయంత్రం బియ్యం ఏరుతూ తలెత్తి అడిగింది: "అక్కా, గా డబ్బ ఎందుకు కూయలేదే?"

మర్చిపోయింది. బతికిపోయాను అనుకున్నాను, ఒక్క క్షణం. థూ, నా బతుకు. వెంటనే బుజ్జిని పిలిచి మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాను. ఇది మర్చిపోదు. దాని ముందే మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఓనరు తిన్న చెంపదెబ్బతో సహా. లోపలి గదిలో అత్తమ్మ దగ్గుతూనే ఉంది.

లావణ్య మళ్లీ అదే మాట అంది. "నా బిడ్డను నాకియ్యి."

బుజ్జి నా కొంగు వదిలేసింది.