ఇద్దరొస్తేనే తెరుచుకునే సందూక

పందొమ్మిది వందల నలభైల నడుమ మేడ్చల్‌లో నేనొక రాజభవనం కట్టాను. గదులు రెండే. అయినా మా ఆవిడ చీపురు పట్టుకుని ఈ మూల బయలుదేరి ఆ మూలకు చేరేలోపు రైలు నిజామాబాదు పోయి తిరిగొచ్చేది. కప్పు దాకా వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. సావుకారి దగ్గర ఇల్లు కుదువ పెట్టక తప్పలేదు. ఇంటి కాగితం ఆయన దగ్గరుంటే ఇల్లు మింగేస్తాడని నా భయం. నా దగ్గరుంటే డబ్బు మింగేస్తానని ఆయన భయం. రెండూ న్యాయమైన భయాలే.

అందుకని మా ఊళ్ళో అలాంటి కాగితం మూడో మనిషి దగ్గర పెట్టేవాళ్ళు. మా మూడో మనిషి చర్చి వెనక ఉండే మంత్రసాని అవ్వ. సావుకారినీ నన్నూ లోకంలోకి లాగింది ఆ చేతులే. చదువు రాదు, కానీ షరతులు రెండుసార్లు చెప్పించుకుని కొంగున ముడేసుకున్నట్టు దాచుకుంది. మూడు కిస్తులు వరసగా తప్పితే కాగితం సావుకారికి. అప్పంతా తీరితే నాకు. ఏదైనా ఇద్దరం కలిసి వస్తేనే. ఆ కాగితాన్ని బైబిలు కింద పెట్టి, ఏనుగు కూడా కదపలేని సందూకకు తాళమేసింది.

రెండో ఏడు వానల్లో నాకు చలిజ్వరం వచ్చింది. నా వణుకుకు పక్కింటి పెంకులు రాలాయి. రెండు కిస్తులు తప్పాయి. మూడోది కూడా తప్పితే రాజభవనం పోయినట్టే. అప్పుడు నాకో దివ్యమైన ఆలోచన తట్టింది: కాగితం తెచ్చి, అదే ఇంటిని శామీర్‌పేటలో ఇంకొకరికి కుదువ పెడితే?

"అవ్వా, ఆ కాగితం జర సూసి ఇస్త" అన్నాను.

"సావుకారేడి?"

"ఆయనతోని ఏం పని?"

అవ్వ పగలబడి నవ్వింది. "పొద్దుగాల ఆయనొచ్చిండు. నువ్వేడున్నవని నేనడిగితే, 'వానితోని ఏం పని' అన్నడు. మూడో కిస్తు నువ్వు ఎట్లన్న తప్పుతవట, కాగితం ఇప్పుడే ఇయ్యమంటడు. మూడంటే మూడేరా అన్న. పుట్టినప్పుడు ఇద్దరు ఒక్క తీరుగనే ఏడ్సిండ్రు, గిప్పుడు గూడ గంతే!"

"మరి నా ఇల్లు?"

"జరం పోయింది, కాళ్ళున్నయ్. జల్దీ కిస్తు కట్టు."

బౌరంపేటలో సైకిలు అమ్మి కట్టాను. ఆ తర్వాత నేను నడిచిన దూరానికి కాశీ నాలుగుసార్లు వచ్చేది. అప్పు తీరింది. నేను మెచ్చుకునేది నా కాళ్ళను కాదు, ఆ ముసలిదాన్ని. ఆమె ఆ రోజు నా ముఖం చూసి కరిగినా, సావుకారి హోదా చూసి బెదిరినా, ఇద్దరిలో ఒకడు దొంగయ్యేవాడు.

చివరి రోజు ఇద్దరం ఆమె ముందు నిలబడ్డాం.

"అంత ముట్టిందా?" అంది సావుకారితో.

"ముట్టింది."

"గట్టిగ చెప్పరా. పుట్టిన దినం నీ గొంతు బొల్లారం దాక ఇనవడ్డది."

"ముట్టిందే అవ్వా!"

సందూక తెరిచి కాగితం నా చేతిలో పెట్టింది. అది పట్టుకుని నేను రెండు గజాలు పొడుగెదిగాను. సావుకారు మాత్రం కదల్లేదు. జేబులోంచి ఇంకో కాగితం తీశాడు.

"పట్నంల దుకాణం పెడుతున్న. నా ఇల్లే కుదువ పెడుతున్న. అప్పిచ్చెటాయినె కాగితం తన దగ్గర్నే ఉండాలంటున్నడు. ఒద్దు, మా అవ్వ దగ్గరైతేనే అన్న. గీ జాగల పెట్టు."

అవ్వ సందూక మూసి తాళమేసింది.

"అప్పిచ్చెటాయినేడిరా?"