గొంగడి కింద టార్చి

తొంభైల్లో ఒక మధ్యాహ్నం, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే బస్సులో ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. నా భార్య చనిపోయిన నెల అది. అవ్వ డబ్బా మూతలకు, లారీల వెనక అంటించే మెరిసే ఎర్ర స్టిక్కరు ముక్కలు అతికిస్తోంది. ఎందుకని అడిగాను.

"కరెంటు రాత్రిపూటనే ఇస్తున్నరు. మోటరు ఎయ్యబోయి నా కొడుకు బాయిల పడి సచ్చిపోయిండు. ఇగ మోటరెయ్య కోడలు పోవాలె. బాయి సుట్టు కట్టెలు పాతి గివి కొడత. టార్చి ఎయ్యంగనే మెరవాలె."

సంచిలోంచి టార్చి తీసింది. కండక్టరు నవ్వాడు. "ఏందవ్వా, పట్టపగలు లైటు?"

"నీ మొఖం కనవడ్తలేదు బిడ్డా, అందుకే."

భుజం మీది ఉన్ని గొంగడి తీసి తన తల మీదా నా తల మీదా కప్పి, టార్చి నాకిచ్చింది. చీకట్లో ఒక మూతను దూరంగా పట్టుకుంది. "నాకు కండ్లు మసక. నువ్వు చూడు. మెరుస్తున్నదా?"

టార్చి వేశాను గానీ, వెక్కిళ్లు వచ్చి, కళ్లలో నీళ్లకు మూత కనబడలేదు.

"ఏడుస్తున్నవా కొడుకా? ఏడువు. గని ఒక్కసారి కండ్లు తుడుసుకొని సక్కగ చూసి చెప్పు. చీకట్ల ఆ కోడలు పిల్ల నడవాలె."

కళ్లు తుడుచుకుని చూశాను. మూత ఎర్రగా, అంచుల దాకా మెరుస్తోంది.

"మెరుస్తోందవ్వా."

అవ్వ ఇంకో మూత తీసి పట్టుకుంది.