కంట్లో పొర తీశాక కనిపించిన నీలం

వీధిలో అందరికీ ఆయన చుక్కల మేస్త్రి. కారు మొత్తానికి రంగు కొట్టమంటే ససేమిరా అంటాడు. రాయి తగిలి పెచ్చు లేచిన చోట సన్న కుంచెతో ఒక చుక్క పెడతాడు, అంతే. ఫ్యాక్టరీలో వేసిన రంగంటే ఆయనకి అంత గురి. "అది బండికి పుట్టుకతో వచ్చిన చర్మం. గీకి పారేస్తే మళ్ళీ రాదు" అంటాడు.

అలాంటి మనిషికి కుడికంట్లో శుక్లం తీశారు. కట్టు విప్పాక ఇంటికొచ్చి, వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఈ గోడకి నీలం ఎప్పుడు వేయించావే?"

"పోయినేడు మీరే వేశారుగా," అంది భార్య వెనక్కి తిరక్కుండానే. "తెలుపు వేయమంటే ఇది వేశారు. చూడ్డానికి బాగానే ఉందని ఊరుకున్నా."

మేస్త్రి నవ్వబోయి ఆగిపోయాడు. గోడ సంగతే ఇలా ఉంటే బళ్ళ మాటేమిటి? వెంటనే, ఏళ్ళుగా తను చుక్కలు పెడుతున్న ప్రొఫెసరమ్మగారి కారు గుర్తొచ్చింది. డాక్టరు పనికి పొమ్మనే దాకా ఆగలేక ఆగి, ఆ పొద్దున్నే వాళ్ళింటికి పరిగెత్తాడు.

అది ఆవిడ తండ్రి ముచ్చటపడి కొన్న పెద్ద కారు. పాతదైనా దాని దర్జా దానిదే. వరండా ముందు ఎండలో ఉంది. ఇన్నాళ్ళూ నలుపుకి దగ్గరి చుట్టం అనుకున్న రంగు, ఇప్పుడు చూస్తే అడుగు కనిపించని నీలం. లోపల ఎక్కడో వెండిపొడి చల్లి, దానిమీద నీళ్ళు నిలబెట్టినట్టుంది. ఒక్కడుగు పక్కకి జరిగితే మరో నీలం.

ఆ తర్వాత చుక్కలు కనిపించాయి. బానెట్ నిండా ఊదారంగు సిరా చిందినట్టు, అన్నీ తను పెట్టినవే.

"బండిని షెడ్డుకి పంపుతున్నా మేస్త్రీ," అంది ప్రొఫెసరమ్మ బయటికొచ్చి. "ఉన్నదంతా గీకి కొత్త రంగు కొడతారట."

"నా చుక్కలు చూసేనా అమ్మా?"

ఆవిడ తల వంచుకుంది. "మీ చెయ్యి ఎప్పుడూ శుభ్రమే. రంగే ఈమధ్య కాస్త దారి తప్పింది."

"ఒక్క మాట చెప్పాల్సింది."

"మీరేమో సొంతబిడ్డకి బొట్టు పెట్టినట్టు పెడుతుంటే, ఎలా చెప్పను?"

"రేపు సాయంత్రం దాకా ఆపండి. అప్పటికీ నచ్చకపోతే నేనే షెడ్డు దాకా తోసుకెళ్తా."

థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తన చుక్కల్ని ఒక్కొక్కటే తుడిచేశాడు. సీసాలో ఉన్న కంపెనీ రంగు సరిపోదని ఆయనకి తెలుసు. అది బండి పుట్టిన రోజు నాటి నీలం. బానెట్ మీద ఉన్నది ఏళ్ళ తరబడి ఎండ తాగిన నీలం. పుల్లతో పిసరంత బూడిదరంగు కలిపి, రేకు ముక్క మీద రాసి, ఆరాక పక్కన పెట్టి చూశాడు. ఇంకా పొర ఉన్న ఎడమకన్ను సరిపోయిందంది. కుడికన్ను కాదంది. మళ్ళీ కలిపాడు, మళ్ళీ ఆరబెట్టాడు. ఆ కన్ను ఊరుకునే రకం కాదు. ఏ పిసరు దగ్గరో రేకు ముక్క అంచు కనిపించడం మానేసింది. రేకు బండిలో కలిసిపోయింది. ఆయన వేలితో తడిమి, ఉందని నమ్మాల్సి వచ్చింది.

పెచ్చుల గుంటల్లో కొంచెం కొంచెంగా రంగు నింపి, మర్నాడు తడిపిన గరుకు కాగితంతో రుద్ది సాపు చేసి, మెరుగు పెట్టాడు.

సాయంత్రం ప్రొఫెసరమ్మ కళ్ళద్దాలు పైకీ కిందికీ జరుపుతూ బానెట్ అంతా వెతికింది. పరీక్ష పేపర్లు దిద్దిన కళ్ళు కదా, అంత తేలిగ్గా వదలవు.

"ఇదిగో, ఒకటి దొరికింది."

ఆవిడ వేలు పెట్టబోతే ఆ చుక్క ఎగిరిపోయింది.

మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. పురుగు వాలిన చోటే అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది. తర్వాత లోపలికెళ్ళి షెడ్డుకి ఫోన్ చేసింది. "బండి పంపడం లేదండీ" అనడం బయటికి వినిపించింది.

తిరిగొచ్చేసరికి ఆయన వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"పని అయిపోయిందిగా మేస్త్రీ, ఇంటికెళ్ళరా?"

"వెళ్తానమ్మా. ఎండ వాలేదాకా కూర్చోనివ్వండి," అన్నాడు కారు మీంచి చూపు తిప్పకుండా. "ఇన్నేళ్ళూ తాకానే గానీ, దీన్ని చూడలేదు."