ఐసుకు నీళ్లెక్కడివని నేను అడగలేదు

ఒక మంగళవారం మా రూతు అన్నం వద్దంది. ఏడేళ్ల పిల్ల అన్నం వద్దంటే ఎవరూ కంగారుపడరు. మేమూ పడలేదు. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. మా పాల్వంచ వైపు జ్వరమంటే ముందు మలేరియా. అది కాదని తేలాకే మిగతా జబ్బులకు వంతు వస్తుంది. బ్లడ్ స్మియర్ నెగెటివ్ అయినా వారంపాటు మలేరియా మందులే వాడాం.

ఎనిమిదో రోజు వైడల్ టెస్ట్ చేసి, "టైఫాయిడ్. పాప బయట ఏం తిన్నది?" అన్నారు డాక్టరుగారు.

"బయటేం తినలే సార్. ఈయన తెచ్చిన ఐసే తిన్నది" అంది నా భార్య మార్త.

నేను శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. జ్వరానికి రెండు వారాల ముందు ఒక ఐస్ ఫ్యాక్టరీ తనిఖీ చేశాను. పాలలో లాక్టోమీటర్ ముంచాను, రంగు డబ్బాల లేబుళ్లు చదివాను, బాగుందని సంతకం పెట్టాను. "పాపకు తీస్కపో సార్" అని ఓనర్ నాలుగు పుల్ల ఐసులిచ్చాడు. లంచం అనేంత పెద్దవి కావు కాబట్టి తీసుకున్నాను. పాలలో ఎన్ని నీళ్లు కలిశాయో తేల్చినవాణ్ని, ఐసుకు పోసే నీళ్లెక్కడివో అడగలేదు. మా ఫారంలో ఆ గడి లేదు. తర్వాత వెళ్లి చూస్తే మురికికాలువ పక్కన గుంతబావి.

పిల్లను ఆసుపత్రిలో చేర్చాం, ఇంజెక్షన్లు మొదలయ్యాయి. పదహారో రోజు జ్వరం దిగింది. "ఇంకో మూడు రోజులు ఉంచండి" అన్నారు డాక్టరుగారు. ఇల్లు దగ్గరే కదా అని తీసుకొచ్చేశాను. మర్నాడు మధ్యాహ్నం కడుపునొప్పి అంది. గ్యాస్ మందు పోశాను. మూడు గంటలు గడిచేసరికి పొట్ట చెక్కలా బిగిసి, పిల్ల ఒళ్లు చల్లబడింది.

108 బండ్లు ఇంకా రాని రోజులు. జీపు మాట్లాడుకుని ఖమ్మం బయల్దేరాం. మార్త దారంతా ప్రార్థన చేస్తూనే ఉంది. నేనేదో చెప్పబోతే, "దేవునితోని మాట్లాడుతున్న, నువ్వు ఆగు" అంది. ఆగాను.

సర్జన్ పొట్ట మీద చెయ్యి పెట్టి, "పేగుకు పర్ఫొరేషన్ అయింది, చిల్లు పడింది. ఒళ్లు చల్లబడితే జ్వరం తగ్గిందనుకున్నారా?" అన్నారు.

"బతుకుతదా సార్?"

"ఆపరేషన్ చెయ్యకపోతే బతకదు. చేస్తే చెప్పలేను."

ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టాను. అంతవరకు నా సంతకం వల్ల ఎవరికీ మేలు జరిగినట్టు గుర్తులేదు.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు పేగు కుట్లకు ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మలం పోవడానికి పొట్ట పక్కన సంచి పెట్టారు. పిల్ల ఎముకలు లెక్కపెట్టగలిగేలా చిక్కిపోయింది. "నాన్నా, నాకు గిది ఎప్పుడు తీస్తరు?" అనేది. జల్దీ తీస్తారని రోజూ చెప్పేవాణ్ని. మార్త నాతో మాటలు తగ్గించింది. ఒకసారి మాత్రం, "పొద్దున్నుంచి ఏం తినలే నువ్వు. నువ్వు గూడ పడితే ఇద్దర్ని చూసే ఓపిక నాకు లేదు" అని ఇడ్లీ పొట్లం చేతిలో పెట్టింది. మూడు నెలలకు సంచి తీశారు.

ఫ్యాక్టరీ మూయించాను. రిపోర్టులో, ముందు బాగుందని రాసిందీ నేనేనని రాశాను. మెమో ఇచ్చారు. మా ఆఫీసులో వేళకు అందిన కాగితం అదొక్కటే.

రూతు ఇప్పుడు తొమ్మిదో తరగతి. పొట్ట మీద గీత ఉంది, ఆకలి బాగానే ఉంది.

మీకు చెప్పేది ఒక్కటే. టైఫాయిడ్‌లో కడుపునొప్పి మొదలైతే, జ్వరం తగ్గినా సరే, ఇంట్లో మందు పోయకండి. ఆపరేషన్ చేసే డాక్టరున్న చోటికి వెంటనే తీసుకెళ్లండి. నేను మూడు గంటలు ఆగాను. ఖమ్మం ఆసుపత్రిలో మా పక్క మంచం పాపకూ ఇదే జబ్బు. వాళ్లు ఒక్క రోజు ఆగారు.